దిండు కింద పటికబెల్లం

"నాకు చెప్పొద్దు. ఇదేంటో నీ తోడికోడల్నే అడుగు," అంటూ మా అత్తగారు ఒక గుడ్డమూట తెచ్చి నా ఒళ్లో పడేసింది.

మూట విప్పాను. లోపల పటికబెల్లం పలుకులున్నాయి. గోళీకాయంతవి కొన్ని, వేలెడు పొడవున ఒకటి. దానికి దారం ఇంకా అంటుకునే ఉంది.

మర్నాడు చుట్టాలు వస్తున్నారని పొద్దుటి నుంచీ పరుపులన్నీ వాకిట్లో ఎండేస్తున్నాం. మిగతా గదుల పరుపులు నాచేత మోయించి, కొత్తకోడలు మవ్జూద గదిలోకి మాత్రం అత్తగారు తానే వెళ్లింది. దిండు దులిపితే మూట జారి పడిందట. జారి పడిందో, వెతికితే దొరికిందో ఆ పైవాడికే తెలియాలి.

"రొట్టె తినదు. అన్నం ముట్టదు. పిండి పదార్థం నాలిక మీద పడితే ప్రాణం పోతుందన్నట్టు మాట్లాడుతుంది. దిండు కింద మాత్రం పటికబెల్లం దాచుకుంటుంది. ఇది జబ్బా, నాటకమా? నువ్వే చెప్పు సబోహత్."

నిజం చెప్పాలంటే నాకు కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. చిన్నప్పటి నుంచీ నాకదో రోగం. ఏదైనా అర్థం కాకపోతే కడుపులో అన్నం అరగదు.

మా మరిది ఇల్‌హోమ్ తల్లి ముందు కూర్చుని నిజం చెప్పి వారం దాటింది. తన పెళ్లానికి పదకొండో ఏట నుంచీ షుగరు ఉందనీ, అది ముసలివాళ్లకు వచ్చే రకం కాదనీ, ఒంట్లో ఇన్సులిన్ అన్నదే పుట్టదు కనుక సూది లేకపోతే బతకదనీ చెప్పాడు. రొట్టె, అన్నం, బంగాళాదుంప మానేస్తే సూది మందు తక్కువ సరిపోతుందనీ, అందుకే ఆ పిల్ల మాంసం, గుడ్లు, మీగడ, కూరలతోనే కడుపు నింపుకుంటోందనీ చెప్పాడు. మా అత్తగారు ఏడవలేదు, తిట్టలేదు. టీకుండ ఖాళీ అయ్యేదాకా తాగుతూ కూర్చుని, చివరికి రెండు షరతులు పెట్టింది. ఈ సంగతి గడప దాటకూడదు. రోజూ పొద్దున అందరితోపాటు తిండి సర్దే బట్ట, దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని కొత్తకోడలు చిటికెడు రొట్టె అయినా నోట్లో వేసుకోవాలి. రొట్టె వద్దన్న మనిషి మా ఇళ్లలో ఇంతవరకూ పుట్టలేదు.

గడప దాటకూడదన్న మాటకు కారణముంది. మా మామగారి అక్క ఒయ్‌నిసా, మేమందరం పెద్దత్తగారు అనే మనిషి. మామగారు పోయాక ఈ ఇంటి మీద చెల్లేది ఆవిడ మాటే. మూర్ఛ జబ్బు దాచి పెళ్లి చేశారని తన సొంత కోడల్ని, పెళ్లయిన ఏడాదిలోపే పుట్టింటికి పంపేసిన మనిషి ఆవిడ. మర్నాడు కొత్తకోడల్ని చూడ్డానికి వస్తున్నది ఆవిడే.

మవ్జూద వాకిలి చిమ్మి చీపురుతో వచ్చింది. నా ఒళ్లో మూట చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇది నీదేనా?" అంది అత్తగారు.

"నాదే అత్తయ్యా. అది మందు."

"నిన్నటిదాకా తీపి విషమన్నావుగా."

"అదీ నిజమే అత్తయ్యా."

అత్తగారు నవ్వింది. ఆ నవ్వు వింటే కోళ్లు కూడా గూట్లోకి పోతాయి. "విన్నావా సబోహత్? విషమూ అదే, మందూ అదేనట. ఇలాంటి వైద్యం మర్గిలాన్ ఊరు మొత్తంలో మనింట్లోనే ఉంది."

మూట తీసుకుపోయి సరుకుల గదిలో పెట్టి తాళం వేసింది. రేపు చుట్టాల టీలోకి పనికొస్తుందంది. తాళంచెవి నడుముకు చెక్కుకుంది.

మధ్యాహ్నం ఇల్‌హోమ్ తిండికి వచ్చాడు. తలుపులకు నగిషీలు చెక్కడంలో వాడికి పేరుంది. ఉలి చేత పడితే ఎంత గట్టి కర్రైనా వాడి మాట వింటుంది. తల్లి ముందు మాత్రం మాట పెగలదు. అయినా ఆ రోజు నోరు తెరిచాడు. షుగరు బాగా దిగిపోయినప్పుడు అది అక్కరకొస్తుందమ్మా అన్నాడు.

"దిగడం మంచిదే కదరా? దిగాలనేగా ఆ సూదులన్నీ?"

"మరీ దిగితే పడిపోతుందమ్మా."

"ఎక్కితే జబ్బు. దిగితే జబ్బు. మరి అది ఎక్కడుండాలట, గాల్లోనా?"

వాడు ఏదో చెప్పబోయి పెళ్లాం వైపు చూశాడు. మవ్జూద తల దించుకుని తన గిన్నెలో చిక్కగా కాగిన మాంసం పులుసులోంచి బంగాళాదుంప ముక్కలు ఏరి పక్కన పెడుతోంది. అత్తగారు ఆ ముక్కల్ని ఒక్కొక్కటే చూసింది. రొట్టె విరిచిన చప్పుడు కూడా గట్టిగా వినిపించింది.

సాయంత్రం వంటసాలలో నేనూ మవ్జూదా మర్నాటి పులావుకు కారట్లు సన్నగా తరుగుతూ కూర్చున్నాం. ఇంక ఆగలేకపోయాను.

"చూడమ్మాయ్. నువ్వు ఇది నాకు అర్థమయ్యేలా చెప్పకపోతే ఇవాళ నాకు నిద్ర పట్టదు. రొట్టె ఎందుకు వద్దు? పటికబెల్లం ఎందుకు కావాలి?"

ఈ ఇంటికి వచ్చాక మవ్జూద మనసారా నవ్వడం అదే మొదటిసారి చూశాను. తరిగే కత్తి కింద పెట్టింది.

"మన వీధి వెంబడి పోయే సన్నకాలువ ఉంది కదక్కా. దానికి గండి పడితే ఏం చేస్తావు?"

"కాలితో ఇంత మట్టి తోస్తాను."

"అదే పెద్దకాలువ తెగితే?"

"వీధి వీధంతా పారలు పట్టుకు రావాలి."

"నా సంగతీ అంతే. నేను రెండు రొట్టెలు తింటే పెద్ద సూది వెయ్యాలి. ఎంత వెయ్యాలన్నది నా అంచనానే. ఆ రొట్టెలో పిండి ఎంతుందో, అది ఎంతసేపటికి ఒంట్లోకి వస్తుందో ఎవరు చెప్పగలరు? అంచనా తప్పితే తప్పు కూడా పెద్దదే అవుతుంది. మాంసం, గుడ్లు, కూరలు తింటే చిన్న సూది చాలు. తప్పినా కాలితో మట్టి తోసుకోవచ్చు."

ఇంత తేలికైన సంగతి వారం నుంచీ ఎవరూ నాకెందుకు చెప్పలేదో అర్థం కాలేదు. అసలు సూదే మానేస్తే పోలేదా అని అడిగాను. తిండితో పనిలేకుండా రోజుకోసారి వేసే సూది ఒకటుందట, తిండి పూర్తిగా మానేసినా అది మానకూడదంది. ఈ పద్ధతి కూడా తనంతట తాను మొదలుపెట్టలేదట. వాళ్ల ఊరి డాక్టరమ్మ మొదట ఒప్పుకోలేదట. తరవాత, రోజుకు ఇన్నిసార్లు వేలు గుచ్చి చూసుకుంటానంటేనే సరే అని, తానే దగ్గరుండి మందు తగ్గించిందట. అందరికీ ఇది పడదని కూడా చెప్పిందట.

"మరి పటికబెల్లం?"

"సూది ఒకసారి లోపలికి పోయాక వెనక్కి రాదక్కా. తిండి ఆలస్యమైనా, పని ఎక్కువైనా ఒంట్లో చక్కెర దిగిపోతుంది. అప్పుడు చేతులు వణుకుతాయి, పైపెదవి మీద చెమట పడుతుంది. ఆ తరవాత మాట తడబడుతుంది. ఏం కావాలో నాకే తెలియదు. అలా కనిపిస్తే ఏమీ అడక్కుండా తీపి నోట్లో పెట్టెయ్."

"రొట్టె పెడితే పోదా?"

"రొట్టె నెమ్మదిగా వస్తుంది. అప్పుడు నాకంత వ్యవధి ఉండదు."

ఆ వేలు గుచ్చే యంత్రం చూపించమన్నాను. అరచేతిలో ఇమిడేది, పిల్లల ఆటబొమ్మలా ఉంది. తన వేలు గుచ్చుకుని చుక్క రక్తం యంత్రానికి తగిలించిన చిన్న పట్టీకి అంటించింది. ఆరు చూపించింది. నాలుగుకు తగ్గకూడదట, ఏడు దాటకుండా ఉంటే మంచిరోజట. నా వేలు కూడా గుచ్చమన్నాను. నాది అయిదు.

"నీది బడిలో ముందు వరసలో కూర్చునే పిల్ల రక్తంలా ఉందక్కా," అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. మా అత్తగారు ఖాళీ టీకుండ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఈ మధ్య ఆవిడకు దాహం ఎక్కువైంది. పొయ్యి మీద నీళ్లు దింపే పని ఉండటం లేదు. ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు. వేణ్నీళ్లు పోసుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే ఇల్‌హోమ్ బజారు నుంచి చక్కెర బిళ్లల పొట్లం తెచ్చి గుట్టుగా పెళ్లాం చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఇంట్లో తొడుక్కునే అంగీ జేబులో వేసుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి వస్తారనుకున్న పెద్దత్తగారు పొద్దు వాలే వేళకు వచ్చింది.

మవ్జూద తెల్లవారుజాము నుంచీ కాలు నిలవలేదు. వాకిలి చిమ్మింది, నీళ్లు చల్లింది, తివాచీలు దులిపింది, తందూరుకు పుల్లలు మోసింది. పొద్దున రెండు గుడ్లు, మీగడ తిన్న పొట్ట. చుట్టాల కోసం చూసి చూసి, వీధి మలుపులో కారు హారను వినగానే పులుసు ఎలాగూ దించేశాం కదా అని సూది వేసుకుంది. వాళ్లు చేతులు కడుక్కుని కూర్చునేలోపు వంటసాలలో నాలుగు మాంసం ముక్కలు తినేద్దామనుకుంది.

తిననిస్తే కదా. కొత్తకోడలు ఎక్కడ, సలాములు చెయ్యదా అని పెద్దత్తగారు గడప లోపల అడుగు పెడుతూనే అడిగింది. నేనే గబగబా ఆమెకు పెళ్లినాటి పట్టు అట్లాసు దుస్తులు తొడిగి, తలమీద ముసుగు వేసి తీసుకువచ్చాను. పెళ్లి దుస్తులకు జేబులుండవన్న సంగతి నాకు తట్టలేదు. చక్కెర బిళ్లలు వాకిలి అవతల గదిలో కొక్కేనికి వేలాడే అంగీలోనే ఉండిపోయాయి.

వచ్చిన ఆడవాళ్లు ఆరుగురు. ఒక్కొక్కరికీ నడుము వంచి మూడేసి సలాములు. ఒక్కొక్కరూ దీవించాలి, ముసుగు తీసి ముఖం చూడాలి, ఎవరి పోలికో తేల్చాలి. అది అయ్యాక కోడలు నిలబడి అందరికీ టీ పోయాలి. పెద్దలు తిని, చేతులెత్తి దువా చేసి లేచేదాకా కొత్తకోడలు ముద్ద ముట్టకూడదు. నేను వచ్చిన కొత్తలో నాకూ అంతే. నాకైతే ఉత్త ఆకలే వేసింది, అంతే తేడా.

దస్తర్‌ఖాన్ నిండా పళ్లు, బాదంపప్పు, మిఠాయిలు సర్దాను. మధ్యలో, సరిగ్గా పెద్దత్తగారి ముందు, అత్తగారు తాళం తీసి తెచ్చిన పటికబెల్లం గిన్నె ఉంది. వేలెడు పొడవున ఉన్న ఆ పలుకు అన్నింటి మీదా నిలబెట్టి ఉంది.

మొదటి టీ బాగానే పోసింది. రెండోసారి తిరిగినప్పుడు టీకుండ మూతి టీగిన్నె అంచుకు టకటక కొట్టుకోవడం విన్నాను. మవ్జూద ముఖం వైపు చూశాను. పైపెదవి మీద చెమట పట్టింది. చూపు మాత్రం పటికబెల్లం గిన్నె మీదే ఉంది.

"నీ కోడలికి తీపంటే మహా ఇష్టంలా ఉందే హోసియత్," అంది పెద్దత్తగారు మా అత్తగారితో. "వచ్చినప్పటి నుంచీ మమ్మల్ని చూడకుండా గిన్నెనే చూస్తోంది."

ఆడవాళ్లు నవ్వారు. చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది గిన్నె. కానీ పెద్దలు టీ తాగుతుండగా వాళ్ల ముందు నుంచి చక్కెర తీసి కొత్తకోడలి నోట్లో పెడితే, ఎందుకు పెట్టావని అడగరా? అడిగితే ఏం చెప్పాలి? నిజం చెబితే రేపీపాటికి మవ్జూద సామాను పుట్టింటి దారి పడుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల ఇక్కడే కూలిపోతుంది.

పెద్దత్తగారు రొట్టె విరిచింది. "ఇలా రామ్మా. నా చేత్తో నీకు రొట్టె ఇవ్వాలి."

మవ్జూద రెండు చేతులా అందుకుంది. ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకుంది. అక్కడితో ఆగిపోయింది. ఎన్నడూ లేనిది, ఇవాళ రొట్టె తిన్నా మేలే జరిగేది. తినవే తల్లీ అని నాలో నేనే గొణుక్కున్నాను. ఆ చెయ్యి నోటిదాకా రాలేదు. రొట్టె ముక్క పట్టుకుని, అదేమిటో గుర్తు రానట్టు చూస్తోంది.

"తినమ్మా. చూడ్డానికిచ్చానా?"

ఆడవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. పెద్దత్తగారి కనుబొమలు ముడిపడ్డాయి. రొట్టె వద్దంటున్న కోడలు అన్న మాట ఆవిడ పెదాల మీదకు వచ్చేసిందని నాకు తెలుస్తూనే ఉంది.

ఏమైతే అయిందని మోకాళ్ల మీద లేచాను. నా భుజం మీద చెయ్యి పడింది. మా అత్తగారు నన్ను పక్కకు తప్పించి ముందుకు వచ్చింది. చేతిలో తేనె గిన్నె, చెంచా ఉన్నాయి.

"ఒక్క క్షణం ఆగండి వదినగారూ. నాకో ముచ్చట మిగిలిపోయింది. పెళ్లినాడు జనంలో కోడలికి తేనె సరిగ్గా తినిపించలేకపోయాను. మీ ఎదురుగా తినిపిస్తే మనసు తీరుతుంది."

పెళ్లినాడు తేనె తినిపించడం మాలో ఉన్నదే. ఒక చెంచా కొసతో నాలికకు అంటిస్తారు. మా అత్తగారు మాత్రం చెంచా నిండా తీసింది. మవ్జూద గడ్డం ఎడమచేత్తో పట్టుకుని నోట్లో పెట్టింది. "మింగు," అని మెల్లిగా అంది. మింగేదాకా చూసింది. ఇంకో చెంచా పెట్టింది. తరవాత ఇంకొకటి. తేనె కారి ఆవిడ మణికట్టు దాకా పాకింది.

"అదేం తినిపించడమే? ఎలుగుబంటిని సాకుతున్నావా?" అంది పెద్దత్తగారు.

"ఏం చెయ్యను వదినగారూ? వచ్చి ఇన్నాళ్లయింది, ఈ పిల్ల నోట మాట రాదు. ఇంత తేనె పోస్తేనన్నా వస్తుందేమోనని."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. నేను మాత్రం అత్తగారి ముఖాన్నే చూస్తున్నాను. గొంతులో హాస్యం ఉంది కానీ, కళ్లు మాత్రం కోడలి పైపెదవి మీది చెమటనే కనిపెడుతున్నాయి. నిన్న గుమ్మం దగ్గర ఆవిడ ఎంతసేపు నిలబడిందో నాకప్పుడు అర్థమైంది.

కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ముసుగు సర్దుతున్నట్టు ఒక చెయ్యి ఆమె వీపు మీదే ఉంచింది అత్తగారు. నేను పులావు పళ్లెం తెచ్చి మాటలు మళ్లించాను. బజారులో మాంసం ధర గురించి, ఎవరో కట్టుకుంటున్న ఇంటి గురించి ఏవేవో చెప్పాను. కొంతసేపటికి మవ్జూద బుగ్గల్లోకి రంగు వచ్చింది. కళ్లలో మనిషి తిరిగి కనిపించింది. చేతిలో ఇంకా ఉన్న రొట్టె ముక్కను చూసుకుంది, అత్తగారి వైపు చూసింది. చిన్నగా కొరికి నమిలింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అంది పెద్దత్తగారు.

గండం గట్టెక్కిందనే అనుకున్నాను. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర పెద్దత్తగారు మవ్జూద చెయ్యి అందుకుంది. దీవిస్తుందనుకుంటే, చేతిని తిప్పి వేళ్ల కొసలు చూసింది. ప్రతి వేలి కొసనా నల్లటి చుక్కలు.

"కుట్టుపని బాగా చేస్తావామ్మా?"

మవ్జూద నోరు విప్పేలోపు అత్తగారు అందుకుంది. "చేస్తుంది వదినగారూ. టోపీల మీద పూలు కుడుతుంది. సూది చేతిలోంచి దింపదు."

"మంచిది. వచ్చే శుక్రవారం మళ్లీ వస్తాను. మా మనవడికి ఒక టోపీ కుట్టి ఉంచమను. నా ఎదురుగా పూర్తి చేస్తే మరీ మంచిది."

కారు వెళ్లిపోయింది. మవ్జూదకు గుండీ కుట్టడం కూడా రాదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

గిన్నెలు కడిగి వచ్చేసరికి అత్తగారు మవ్జూద గదిలో ఉంది. చుట్టాలు తినగా మిగిలిన పటికబెల్లం మూట కట్టి, తానే దిండు కింద పెట్టింది. సరిపోలేదేమోనని ఇంకో గుప్పెడు తెచ్చి కలిపింది. తప్పయిపోయిందని అనలేదు. అలా అనే మనిషి కాదు, అంటుందని మేమూ అనుకోలేదు.

"ఆ పెళ్లిబట్టలకి లోపల జేబు కుట్టు సబోహత్," అంది నాతో. ఆ తరవాత పరుపు మీద చతికిలబడి టీ పెట్టమంది. ఒక కుండ తాగింది. రెండోది తెచ్చాను.

మవ్జూద ఆవిడ దగ్గరగా జరిగింది. "అత్తయ్యా, మీరు నన్ను బతికించారు."

"నేను బతికించడమేంటి? తేనె బతికించింది. నాకు ఇంకా అర్థం కాలేదు. ఆ కాలువ, ఆ గండి, అదంతా విన్నాను. కానీ నేను చూసింది వేరు. చెంచా చెంచాకీ నీ ముఖంలోకి మనిషి తిరిగొచ్చింది. అరవై ఏళ్లలో అలాంటిది చూడలేదు." టీ గుక్క వేసింది. "ఆ యంత్రం ఏదీ? అది ఎలా తెలుసుకుంటుందో చూడాలి. నీకు గుచ్చుకో."

మవ్జూద గుచ్చుకుని చూపించింది. ఎనిమిది. తేనె కాస్త ఎక్కువైంది, ఇప్పుడు దిగుతుందిలే అంది. అత్తగారు తృప్తిగా తల ఊపి, తన చెయ్యి ముందుకు చాపింది.

"నాకూ గుచ్చు. సబోహత్‌కి గుచ్చావుగా, నేనేం పాపం చేశాను?"

మవ్జూద నవ్వుతూ గుచ్చింది. యంత్రంలో అంకెలు వచ్చాయి. ఇరవై రెండు.

మవ్జూద తొణకలేదు. "మీ చేతికి తేనె అంటుకుని ఉంటుంది అత్తయ్యా. యంత్రం తేనెని కూడా లెక్కేస్తుంది. సబ్బుతో కడుక్కోండి, మళ్లీ చూద్దాం."

"ముసలిదాన్ని భయపెట్టి చంపుదామనుకున్నారు ఇద్దరూ," అని అత్తగారు కిలకిలా నవ్వింది. నేను చెంబుతో నీళ్లు పోశాను. మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కొక్క వేలే తుడుచుకుని, రెండో చెయ్యి ఇచ్చింది.

ఈసారి మవ్జూద తన అరచేత్తో యంత్రాన్ని మరుగు చేసి చూసింది. నేను పక్కనే ఉన్నాను కనుక నాకూ కనిపించింది. పధ్నాలుగు.

యంత్రం గుప్పిట్లోకి పోయింది.

"ఎంత?" అంది అత్తగారు.

"ఇప్పుడే పులావు తిన్నారు కదా అత్తయ్యా. రేపు పొద్దున పరగడుపున ఇంకోసారి చూద్దాం."

"అడిగింది అది కాదు. ఎంతొచ్చింది?"

నేను టీకుండ వైపు చూశాను. రెండోదీ ఖాళీ. ఈ నెలంతా తరగని ఆ దాహం, సూదిలో దారం ఎక్కడం లేదని కళ్లజోడును తిట్టుకోవడం, కాలి మడమ మీద ఎంతకూ మానని పుండు, అన్నీ ఒకటొకటే నా కళ్ల ముందు వరసలో నిలబడ్డాయి.

"మీ ఇద్దరికీ ఇంత మర్యాద ఎప్పుడొచ్చింది?" అంది ఆవిడ. మా ముఖాలు మార్చి మార్చి చూసింది. నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

ఎప్పుడూ చేసే అలవాటు కొద్దీ, ఖాళీ టీగిన్నె పక్కనున్న గుడ్డ తొలగించి రొట్టె ముక్క విరిచింది. నోటిదాకా తీసుకెళ్లింది. అక్కడ ఆగింది. వారంరోజులుగా ఈ ఇంట్లో రొట్టె తినమని కోడల్ని వేధించిన మనిషి, ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని కోడలి ముందుకు చాపింది.

"మవ్జూదా," అంది. "ఇది నేను తినొచ్చా?"

మవ్జూద నా వైపు చూసింది. నేను నేలచూపులు చూశాను.